సీరం చుక్క: ఏది, ఎంత, ఎప్పుడు

(హనుమకొండలో పార్లర్లు నడిపే మహిళలు, ఫార్మసీ విద్యార్థులు, గృహిణుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సంచుల్లో తెచ్చుకున్న సీసాలన్నీ ఈ బల్ల మీద పెట్టమని ముందే చెప్పినం. అందరూ పెట్టిండ్రు, సంతోషం. కొన్ని ముదురు గోధుమ రంగు గాజువి, కొన్ని తెల్ల గాజువి, రెండింట్లో బంగారు రేకు ముక్కలు తేలుతున్నయి. అన్నిటి మీదా సీరం అనే రాసి ఉంది. కానీ లోపల ఉన్నవి ఒక్క తీరు వస్తువులు కావు. ఒకటి నీళ్లను పట్టి ఉంచేది, ఒకటి మచ్చ మీద పనిచేసేది, ఇంకోటి పై పొరను ఊడగొట్టేది. తేడా తెలియక మూడింటినీ ఒకే రాత్రి రాస్తే పొద్దుగాలకు ముఖం కందిపోతది.

సీరం అంటే ఏంది? క్రీములో నూనె, మైనం లాంటి చిక్కదనం ఇచ్చే పదార్థాలు ఎక్కువ, పనిచేసే పదార్థం తక్కువ. సీరంలో ఆ చిక్కదనం తీసేసి, పనిచేసే పదార్థం పాలు పెంచి, నీళ్లలోనో జెల్‌లోనో తేలికైన నూనెలోనో కరిగిస్తరు. అంతే. అది ముఖం కడిగేది కాదు, మాయిశ్చరైజర్ కాదు, సన్‌స్క్రీన్ అసలే కాదు. ఆ మూడూ ఇంట్లో ఉన్నాకే సీరం సంగతి. నెలకు ఐదు వందలే పెట్టగలమంటే ఆ ఐదు వందలూ సన్‌స్క్రీన్ మీద, మాయిశ్చరైజర్ మీద పెట్టండి. సీరం లేకుండా చర్మం బాగుండొచ్చు. సన్‌స్క్రీన్ లేకుండా మచ్చల సీరం రాయడం మాత్రం అడుగు పగిలిన కుండలో నీళ్లు పోసినట్టే.

చర్మం పై పొర ఎట్లా ఉంటదో తెలిస్తే ఈ సీసాల సంగతి సగం తెలిసినట్టు. మన పాత ఇండ్ల మీద గూన పెంకులు ఎట్లా పరిచేటోళ్లో యాది చేసుకోండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి, వాన నీళ్లు జారిపోయేటట్టు కదా. చర్మం పై పొర కూడా అట్లనే, చచ్చిన కణాలు పదిహేను ఇరవై వరుసలు పేర్చినట్టు ఉంటయి, సందుల్లో కొవ్వు నిండి ఉంటది. దాని మందం మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే యాభయ్యో వంతు. బయటివి లోపలికి రాకుండా, లోపలి తేమ బయటికి పోకుండా ఆపేది అదే.

2000లో బోస్, మైనార్డి అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క చెప్పిండ్రు. 500 డాల్టన్ల కంటే బరువైన అణువు మామూలు చర్మాన్ని దాటడం చాలా కష్టమని. డాల్టన్ అంటే అణువుల బరువు చూసే కొలత. ఆ లెక్కతో ఈ సీసాలు చూద్దాం. గ్లైకోలిక్ యాసిడ్ 76, నియాసినమైడ్ 122, సాలిసిలిక్ యాసిడ్ 138, విటమిన్ సి 176, రెటినాల్ 286. ఇవన్నీ దాటగలిగేవే. కొల్లాజెన్ దగ్గర దగ్గర 3 లక్షలు. హైలురోనిక్ యాసిడ్‌లో పెద్ద రకం 10 లక్షలు దాటుతది. అవి పెంకుల మీదనే ఉండిపోతయి. కొల్లాజెన్ సీరం రాసినంత మాత్రాన చర్మం లోపల కొల్లాజెన్ పెరగదు. పైన తడి పట్టి కాసేపు నున్నగా అనిపిస్తది, అంతే. ఇగ ఈ బంగారు రేకు ముక్కలు. అవి కంటికి కనబడుతున్నయంటేనే చర్మం దాటేంత చిన్నవి కావని తెలిసిపోతుంది. ఆ ముక్కలకు పెట్టే డబ్బు వృథా.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మన దగ్గర ఎక్కువమందిది గోధుమ రంగు, చామనఛాయ, నలుపు. ఈ చర్మంలో రంగు తయారుచేసే కణాలు చురుకు. ఎండను తెల్ల చర్మం కంటే మంచిగా తట్టుకుంటది. కానీ దానికి ఒక గుణం ఉంది. ఎక్కడ మంట పుడితే అక్కడ నల్లబడుతది. మొటిమ మానుతది, మచ్చ మిగులుతది. వేడి పెనం అంచు తగిలినా, దోమ కుట్టినకాడ గోకినా అదే జరుగుతది. సీరం మండినా అంతే. తెల్ల చర్మం మీద ఎర్రగా వచ్చి వారంలో పోయే మంట, మన చర్మం మీద నెలల తరబడి నల్లగా నిలుస్తది. అందుకే బయటి దేశాల వీడియోల్లో చెప్పే శాతాలు, రోజూ రాయమనే సలహాలు మనకు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. "మండుతుందంటే పనిచేస్తున్నట్టే" అనే మాట పార్లర్లలో మస్తు వినబడుతది. అక్కలు దయచేసి ఆ మాట మానేయండి. మచ్చ పోవాలని రాసింది మండితే కొత్త మచ్చ పుడుతది. ఇవాళ చెప్పే ప్రతి శాతం, ప్రతి చుక్క వెనక ఉన్న లెక్క ఇదే.

మొదటిసారి సీరం కొనేవాళ్లకు నియాసినమైడ్ మంచిది. ఇది విటమిన్ బి3. దీని పీహెచ్, అంటే పులుపు చూసే కొలత, అంకె తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ, చర్మానికి దగ్గరగా ఉంటది, ఎండకు చెడదు, పొద్దుగాల రాయొచ్చు, రాత్రీ రాయొచ్చు. రంగు గింజలు వాటిని తయారుచేసే కణం నుంచి పై కణాలకు పోకుండా కొంత అడ్డుపడుతది. 2002లో వచ్చిన పరిశోధనలో వాడింది 5%. జిడ్డు తగ్గడానికి 2% కూడా చాలు. కానీ దుకాణంలో 10%, 15% అని పెద్దక్షరాలతో రాసినవే ఎక్కువ కనబడుతయి. 10% కొందరికి సూదులతో గుచ్చినట్టు, వేడి చేసినట్టు అనిపిస్తది. ఎక్కువ శాతం అంటే ఎక్కువ ఫలితం కాదు. 5% చేతికి దొరికితే అదే తీసుకోండి.

విటమిన్ సి దగ్గర జరసేపు ఆగుదాం. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ చెడిపోయేదీ ఇదే. సీసా మీద విటమిన్ సి అని రాసి ఉంటే చాలదు, వెనక చిన్నక్షరాల్లో ఏ రకమో చూడాలె. ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ అని ఉంటే అది అసలు రూపం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో పంది చర్మం మీద పరీక్షించి మూడు సంగతులు తేల్చింది. పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉంటేనే ఇది చర్మంలోకి పోతది. 20% వరకు శాతం పెంచినకొద్దీ ఎక్కువ పోతది, ఆపైన పెంచితే పెరగదు. ఒకసారి చర్మంలో నిండినాక సగం తగ్గడానికి దాదాపు 4 రోజులు పడుతది. కాబట్టి 30% సీసా కొనడం దండగ. ఒక రోజు రాయడం మర్చిపోతే పొద్దు గుంకేలోపు రెండుసార్లు రాసి సరిచేయాల్సిన అవసరమూ లేదు. మన చర్మానికి 10% తో మొదలుపెట్టి, రెండు నెలలు తట్టుకుంటే 15% కు పోవచ్చు. 2005లో అదే బృందం 15% విటమిన్ సి, 1% విటమిన్ ఇ, సగం శాతం ఫెరులిక్ యాసిడ్ కలిపి చూసింది. అట్లా కలిపితే సీరం తొందరగా చెడదు, ఎండ నుంచి కాపాడే బలం కూడా రెట్టింపయ్యింది. పదార్థాల పట్టీలో ఫెరులిక్ యాసిడ్ అనే పేరు కోసం వెతకమనేది అందుకే.

చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకు అసలు రూపం పడదు. వాళ్లు మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, ఎథైల్ ఆస్కార్బిక్ యాసిడ్ అనే పేర్లు ఉన్నవి చూడాలె. ఇవి మెల్లగా పనిచేస్తయి, తక్కువ మండుతయి, తొందరగా చెడవు.

ఇగ చెడిపోవడం గురించి. ఆస్కార్బిక్ యాసిడ్‌కు గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. మే నెలలో వరంగల్‌లో, రామగుండంలో ఎండ 43, 44 డిగ్రీలు దాటినప్పుడు మధ్యాహ్నం రేకుల ఇంట్లో, కిటికీ పక్క అద్దం ముందు ఆ సీసా ఎట్లా ఉంటదో ఆలోచించండి. కొత్తగా ఉన్నప్పుడు నీళ్ల తీరు, లేదా లేత గడ్డి రంగు ఉంటది. తేనె రంగుకు వస్తే బలం తగ్గినట్టు. నారింజ నుంచి గోధుమ రంగుకు తిరిగితే పారేయడమే. అట్లాంటిది రాస్తే ముఖం మీద పసుపు చార కూడా పడొచ్చు. ఇదిగో, ఈ తెల్ల గాజు సీసా చూడండి, డికాషన్ రంగు. ఎవరిదో అడగను, కానీ ఇది ఇంక వాడొద్దు. ముదురు రంగు సీసా, గాలి పోని పంపు ఉన్నది కొనండి. తెరిచినాక ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. ఎండకాలం ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్శిల్ రెండు మూడు రోజులు వ్యాను వేడిలో ఉంటదని గుర్తుపెట్టుకోండి. బండి డిక్కీలో సీసా పెట్టి ఎండలో నిలపడం కూడా అంతే.

చుక్కల లెక్క చెప్తాను, పిల్లలు రాసుకోండి. పలుచటి సీరం దాదాపు 20 చుక్కలు 1 మి.లీ. 30 మి.లీ. సీసాలో 600 చుక్కలు. ముఖానికి, మెడకు కలిపి 4 చుక్కలు చాలు. రోజుకు ఒకసారి రాస్తే ఆ సీసా 150 రోజులు వస్తది, అంటే ఐదు నెలలు. నియాసినమైడ్ అయితే పరవాలేదు. ఆస్కార్బిక్ యాసిడ్ మాత్రం తెరిచిన మూడు నెలల్లో అయిపోవాలె. అంటే పెద్ద సీసా చవక అని కొంటే చివరి రెండు నెలలు చెడిపోయిన నీళ్లు రాసుకున్నట్టు. 15 మి.లీ. సీసా 75 రోజులకు సరిపోతది, అదే తీసుకోండి. ఇంకోటి, డ్రాపర్ గొట్టం నిండా పీల్చి ముఖం మీద నేరుగా కారబోయకండి. గొట్టం చర్మానికి తగిలితే చెమట, సూక్ష్మజీవులు సీసాలోకి పోతయి. అరచేతిలో చుక్కలు వేసుకుని, వేలి కొసలతో నుదురు, రెండు బుగ్గలు, గదవ మీద అద్ది, మెల్లగా వత్తాలె. రుద్దొద్దు.

హైలురోనిక్ యాసిడ్ నీళ్లను పట్టి ఉంచేది. తన బరువుకు వెయ్యి రెట్లు నీళ్లు పడుతదనే ప్రచారం అతిశయోక్తి, కానీ నీళ్లు పట్టడం మాత్రం నిజం. దీన్ని తడి ముఖం మీద రాయాలె, రాసిన నిమిషంలోపు పైన మాయిశ్చరైజర్ వేయాలె. పొడి ముఖం మీద రాసి అట్లనే వదిలేస్తే తోలు బిగుసుకుపోయినట్టు ఉంటది. చలికాలం ఆదిలాబాద్ దిక్కు పది డిగ్రీల కిందికి పోయినప్పుడు, ఎండకాలం వడగాలికి గాలిలో తేమ లేనప్పుడు ఇది ఎక్కువ తెలుస్తది. వానకాలం జిడ్డు చర్మం ఉన్నవాళ్లకు దీని అవసరం పెద్దగా ఉండదు. దీనికి వెయ్యి రూపాయలు పెట్టాల్సిన పని కూడా లేదు. గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్ ఇదే పని చాలావరకు చేస్తది.

ఊడగొట్టే యాసిడ్ల దగ్గరికి వద్దాం. సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కలుస్తది కాబట్టి రంధ్రాల్లోని జిడ్డులోకి దిగుతది. మొటిమలకు, ముక్కు మీది నల్ల చుక్కలకు 1 నుంచి 2% వారానికి రెండు రాత్రులు చాలు. గ్లైకోలిక్ అణువు అన్నిటికంటే చిన్నది, అందుకే తొందరగా దిగి ఎక్కువ మండుతది. మన చర్మానికి మాండెలిక్ యాసిడ్ మేలు. దాని బరువు 152, అంటే గ్లైకోలిక్‌కు రెట్టింపు, మెల్లగా దిగుతది. 30% యాసిడ్ ఉన్న ఎర్ర ద్రావణం ముఖమంతా పూసి పది నిమిషాలు ఉంచే సీసాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నయి. అవి ఇంట్లో వాడేవి కావు, మొదటిసారి వాడేవాళ్లు అసలే ముట్టుకోవద్దు.

రెటినాల్ విటమిన్ ఎ. మొటిమలకు, ముడతలకు, మచ్చలకు విటమిన్ ఎ రకాలు పనిచేస్తయనడానికి గట్టి ఆధారం ఉంది. కానీ ఓపిక కావాలె. 0.1 నుంచి 0.3% తో మొదలుపెట్టాలె, రాత్రి మాత్రమే. మొదటి రెండు వారాలు వారానికి ఒకసారి, తర్వాత రెండుసార్లు, ఆరు వారాల తర్వాత రోజు విడిచి రోజు. ముఖం కడిగి పూర్తిగా ఆరినాక రాయాలె. తడి మీద రాస్తే ఎక్కువ దిగి పొట్టు లేస్తది. తోలు సున్నితంగా ఉంటే ముందు పలుచగా మాయిశ్చరైజర్, దాని మీద రెటినాల్, మళ్లీ పైన మాయిశ్చరైజర్. కండ్ల మూలలు, ముక్కు పక్కలు, పెదవుల అంచులు వదిలేయండి. పొట్టు ముందు లేచేది అక్కడే. మొదలుపెట్టిన నాలుగైదు వారాల్లో రోజూ వచ్చే చోటనే మొటిమలు ఎక్కువ కావొచ్చు, అవి తగ్గిపోతయి. ఎప్పుడూ రాని చోట పొక్కులు, దురద వస్తే అది పడనట్టు, ఆపేయాలె.

పార్లర్ అక్కలకు ఇక్కడ ఒక మాట. రెటినాల్‌ గానీ యాసిడ్‌ గానీ వాడుతున్న ముఖానికి వాక్సింగ్ చేస్తే వాక్స్‌తో పాటు తోలు లేస్తది, ఆ పై పెదవి మీద రెండు నెలలు నల్ల చార ఉంటది. వాక్స్ పెట్టే ముందు "ముఖానికి రాత్రి ఏం రాస్తున్నవ్ అమ్మా?" అని తప్పకుండా అడగండి. వాడుతుంటే వారం ముందు ఆపి రమ్మనండి. త్రెడ్డింగ్‌కు మూడు రోజులు ముందు. బ్లీచ్ చేసిన రోజు, మర్నాడు ఏ సీరమూ వద్దు. పెండ్లి పది రోజులుందనగా కొత్త సీరం అమ్మకండి, ఎంత బతిమాలినా సరే. పిల్లకు పడకపోతే బాగుచేసే సమయం ఉండదు. కొత్తది ఏదైనా మూడు నెలల ముందు మొదలుపెట్టాలె.

మంగు గురించి వేరుగా చెప్పాలె. రెండు బుగ్గల మీద, నుదుటి మీద, పై పెదవి మీద పటంలా పరుచుకునే గోధుమ రంగు మచ్చలు. కడుపుతో ఉన్నప్పుడు, గర్భనిరోధక గోలీలు వాడేటప్పుడు ఎక్కువ వస్తది. ఎండకే కాదు, మామూలు వెలుతురుకు, పొయ్యి వేడికి కూడా ముదురుతది. ట్రానెక్సామిక్ యాసిడ్ 2 నుంచి 5% సీరం, అజెలాయిక్ యాసిడ్ 10% దీనికి కొంత పనిచేస్తయి. అజెలాయిక్ మన చర్మానికి చాలా అనుకూలం, మొటిమలకూ మచ్చలకూ రెండింటికీ పనికొస్తది, గర్భిణులూ వాడొచ్చు. మొదటి వారం దురద పెడుతది, అది తగ్గుతది. అయితే మంగుకు అసలు మందు సన్‌స్క్రీన్. అందులోనూ తెల్లటిది కాకుండా చర్మం రంగు కలిపినది కొనండి. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది, మామూలు వెలుతురును ఆపేది అదే. చూపుడు వేలు, నడిమి వేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపడా కొలత. ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతదో చెప్పే అంకె, 30 కంటే తక్కువ వద్దు. పత్తి ఏరేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, బస్టాండులో నిలబడి పనిచేసేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలె. అది కుదరకపోతే వెడల్పు టోపీ, ముఖానికి కట్టిన బట్ట నిజంగా పనిచేస్తయి. మంగు పూర్తిగా మాయమైతదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. తగ్గుతది, అదుపులో ఉంటది, వదిలేస్తే తిరిగొస్తది.

ఇంట్లో వరుస ఇట్లా. పొద్దుగాల ముఖం కడిగి, విటమిన్ సి గానీ నియాసినమైడ్ గానీ ఏదో ఒకటి, నిమిషం ఆగి మాయిశ్చరైజర్, ఆపైన సన్‌స్క్రీన్. రాత్రి కడిగి, చికిత్స చేసే సీరం ఒక్కటి, తర్వాత మాయిశ్చరైజర్. పలుచటివి ముందు, చిక్కటివి తర్వాత, నూనె ఉన్నవి చివర. విటమిన్ సి, నియాసినమైడ్ కలిపితే విషమైతదనే మాట నిజం కాదు. అయినా ఒకటి పొద్దుగాల, ఒకటి రాత్రి రాసుకుంటే ఏది పడలేదో తెలుస్తది. యాసిడ్, రెటినాల్ మాత్రం ఒకే రాత్రి వద్దు. కడగడానికి బోరు నీళ్లు వాడేవాళ్లు స్నానం సబ్బు ముఖానికి పెట్టకండి. గట్టి నీళ్లలో సబ్బు విరిగి తెల్లటి పొరగా చర్మం మీద అంటుకుంటది, దాని మీద ఏ సీరం రాసినా దురదే. సబ్బు కాని ఫేస్‌వాష్ వాడండి, తువ్వాలతో అద్దండి.

కొత్త సీసా ఏదైనా నేరుగా ముఖానికి వద్దు. మోచేతి లోపలి దిక్కు, రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు ఒకే చోట రాయండి. ఎలర్జీ అనేది వెంటనే రాదు, రెండు మూడు రోజులకు బయటపడుతది. ఒక్క పూట రాసి చూస్తే తెలియదు. ఒక సీరం మొదలుపెట్టినాక రెండోది కనీసం నాలుగు వారాల తర్వాతే. చర్మం తన పై పొరను మార్చుకోవడానికి వయసులో ఉన్నవాళ్లకే దాదాపు నాలుగు వారాలు పడుతది. మచ్చల మీద ఫలితం చూడాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు నెలకొక ఫోటో తీసుకోండి. రోజూ అద్దంలో చూస్తే తేడా కనబడదు.

సీసా కొనేముందు వెనక చదవండి. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో రాస్తరు, 1% కంటే తక్కువవి మాత్రం ఏ వరుసలోనైనా ఉండొచ్చు. ముందు కుంకుమపువ్వు బొమ్మ వేసి, వెనక పట్టీలో అది సువాసన కంటే కింద ఉంటే అది ఎంత ఉందో మీరే ఊహించుకోండి. తెరిచిన డబ్బా బొమ్మలో 6 అనో 12 అనో అంకె ఉంటది, తెరిచినాక అన్ని నెలలే వాడాలని దాని అర్థం. తయారీ లైసెన్సు నంబరు, తేదీ, చిరునామా లేని సీసా ఎంత చవకైనా వద్దు.

చీటీల మీద వచ్చిన ప్రశ్నలు ఉన్నయి, చదువుతాను.

"నాకు ఐదో నెల. ఏం వాడొచ్చు?" తల్లీ, రెటినాల్ గానీ, అదే తీరు మొటిమల మందులైన ట్రెటినాయిన్, అడాపలీన్ జెల్ గానీ వద్దు. ఉంటే ఇవాళే ఆపి, మీ డాక్టరమ్మకు చెప్పండి. నియాసినమైడ్, విటమిన్ సి, అజెలాయిక్ వాడొచ్చు.

"మెడ వెనక నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డ తీరు అయింది. ఏ సీరం?" ఏ సీరమూ కాదు. అది చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తు. షుగర్ పరీక్ష చేయించుకోండి, బరువు చూసుకోండి. గరుకు రాయితో రుద్దితే ఇంకా నల్లబడుతది. అట్లనే స్టిక్కర్ బొట్టు పెట్టే చోట తెల్లగా అయితే ఆ జిగురు పడలేదని, కుంకుమ పెట్టే చోట నల్లగా అయి దురద పెడితే ఆ రంగు పడలేదని. ముందు అది మానేయాలె.

"విటమిన్ సి గోలి నూరి గులాబీ నీళ్లలో కలిపితే?" చప్పరించే గోలిలో చక్కెర, రంగు, వాసన ఉంటయి. పీహెచ్ కుదరదు, కలిపిన కాసేపటి నుంచే చెడడం మొదలైతది. నిమ్మకాయ రసం కూడా వద్దు. దాని పీహెచ్ 2 దగ్గర, పైగా రసం ఉన్న చోట ఎండ తగిలితే కాలినట్టు పొక్కి నల్లబడుతది.

"ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి పని. ఏది రాసినా మండుతుంది." అక్కా, మంట సీరంది కాకపోవచ్చు, వేళ్లదే కావొచ్చు. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతది. ఇంటికి రాంగనే చేతులకు వంట నూనె రుద్ది, గోళ్ల సందులు తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. అప్పుడు ముఖం ముట్టుకోండి. సీరం వేలితో కాకుండా దూదితో అద్దండి.

చివరి చీటీ. "మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే పది రోజుల్లో తెల్లగా అయింది, మానేస్తే ఎర్రగా మండుతుంది. సీరం రాస్తే తగ్గుతుందా?" చెల్లె, పది రోజుల్లో తెల్లబరిచేది సీరం ఏదీ లేదు. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అనే పేర్లలో ఏదైనా ఉందేమో చూడు. ఉంటే అది స్టెరాయిడ్. 2018లోనే కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని కట్టడి చేసింది. అయినా ఊరూరా దొరుకుతున్నయి. నెలల తరబడి రాస్తే తోలు పలుచబడి ఎర్ర నరాలు కనబడుతయి, మొటిమలు లేస్తయి, ముఖం మీద నూగు వెంట్రుకలు పెరుగుతయి, ఎండలోకి పోతే మంట. పేరూ ఊరూ లేని డబ్బా క్రీము అయితే పాదరసం కూడా ఉండొచ్చు. ఈ క్రీముల్లో అది పొరపాటున కలిసినా 10 లక్షల్లో 1 పాలు దాటొద్దని 2020 నాటి నియమాలు చెప్తున్నయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిన సంగతి బయటపడ్డది. కాళ్లు వాచినా, మూత్రం నురగ వచ్చినా ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పాలె.

ఇప్పుడు నువ్వు ఏ సీరమూ రాయకు. గోరువెచ్చని కాదు, చల్లటి నీళ్లతో కడుగు, వాసన లేని మాయిశ్చరైజర్ ఒక్కటే రాయి, ఎండలోకి పోతే బట్ట కట్టుకో. మంట పుట్టిందని మళ్లీ ఆ ట్యూబే రాయకు. ఎన్ని నెలలు రాసినవో లెక్కేసుకొని వరంగల్ ఎంజీఎం దవాఖానలో చర్మ విభాగానికి గానీ, దగ్గర్లో ఉన్న చర్మ డాక్టర్ దగ్గరికి గానీ ఈ వారంలోనే పో. మెల్లగా ఎట్లా మాన్పించాలో వాళ్లు చూసి చెప్తరు. ఆ ట్యూబు మాత్రం పారేయకు. ఖాళీ అయినా సరే, అట్టపెట్టెతో సహా వెంట తీసుకపోయి చూపించు.